పెళ్ళిరోజు భోజనం బ్రూవరీలోనా?

పెళ్ళయి పాతికేళ్ళయిన అమ్మానాన్నలను కన్నకూతురు బీరు తయారుచేసే చోటికి భోజనానికి పిలవచ్చునా? పిలిస్తే వాళ్ళు వెళ్ళవచ్చునా? పదిహేను రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. పిలిచింది బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి. వెళ్దామంటున్నది నేను. వద్దంటున్నది ఎవరనుకున్నారు? మా ఇంట్లో అప్పుడో ఇప్పుడో మందు పుచ్చుకునే అలవాటున్న ఒకే ఒక్క మనిషి, మా వారు.

ఇది చదివి కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. పిల్లల చదువులూ, అత్తాకోడళ్ళ ముచ్చట్లూ రాసుకునే మనిషికి బీరు సంగతి ఎందుకని. ఇంటి సంగతి కనకే రాస్తున్నాను. మన ఇళ్ళల్లో మందు మగవాళ్ళ విషయంగా ఉండిపోయింది. దాని ఖర్చు, దాని రోగం, అది తెచ్చే ఆలస్యపు రాత్రులు మాత్రం మన ఖాతాలోకి వస్తాయి. ఖాతా మనదైనప్పుడు మాట కూడా మనది కావాలి గదా.

ముందు సంగతి చెప్తాను. వచ్చే నెలలో మా పెళ్ళిరోజు. అమ్మాయి తన జీతంలోంచి మాకు మంచి భోజనం పెట్టించాలనుకుంది. ఇందిరానగర్ 100 అడుగుల రోడ్డులో టాయిట్ అని ఒక చోటుంది. 2010లో మొదలైంది. బెంగుళూరు కుర్రకారులో ఆ పేరు తెలియనివాళ్ళు తక్కువట. అక్కడే పెద్ద పెద్ద పాత్రల్లో బీరు తయారుచేస్తారు, అక్కడే గ్లాసుల్లో పోస్తారు, దానితోపాటు తిండీ పెడతారు. సీసాల్లో వచ్చే బీరు కంపెనీ పచ్చడి లాంటిదైతే ఇది ఏ ఇంటికా ఇంట్లో పెట్టుకునే పచ్చడన్నమాట. వీటినే క్రాఫ్ట్ బ్రూవరీలనీ, మైక్రో బ్రూవరీలనీ అంటున్నారు. బెంగుళూరు నిండా ఉన్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2015లో వీటికి నియమాలు తెచ్చాక హైదరాబాదులోనూ వెలిశాయి. మనం కాలేజీ రోజుల్లో ఐస్‌క్రీం పార్లరుకి పోయినట్టు, ఇప్పటి ఉద్యోగాల పిల్లలు వీటికి పోతున్నారు.

"మీరిద్దరూ వచ్చి నేను కూర్చునే చోట ఒక్కసారి కూర్చోండి నాన్నా. అక్కడ పిజ్జా చాలా బాగుంటుంది" అంది ఫోనులో. "చూద్దాంలే అమ్మా" అన్నారాయన. ఫోను పెట్టేసి నాతో అన్నమాట వేరు. "కూతురి ఎదురుగా గ్లాసు పట్టుకుని కూర్చోమంటావా? మర్యాద వద్దూ?"

ఈ మర్యాద నాకు పాతికేళ్ళుగా పరిచయమే. నెలకు ఒకటి రెండుసార్లు ఆయన ఆఫీసు స్నేహితుడి ఇంట్లో మేడమీది గదిలో చేరతారు. పది దాటాక వస్తారు, నోట్లో సోంపు. ఆ సోంపు వాసన వచ్చిందంటే నాకు లెక్క తెలిసినట్టే. ఆయన తాగలేదన్నట్టు ఉంటారు, నేను పసిగట్టలేదన్నట్టు ఉంటాను. మర్నాడు ఆయన ఆలస్యంగా లేస్తే "నాన్నకి తలనొప్పి, అరవకండి" అని పిల్లలకు చెప్పడం నా వంతు. పిల్లలు ఏమంత అమాయకులు? అమ్మాయి ఎనిమిదో తరగతిలోనే "అమ్మా, నాన్నకి నెలకి రెండుసార్లే తలనొప్పి ఎందుకొస్తుంది?" అనడిగింది.

మా వారు తాగుబోతు కాదు. జీతం జీతంగా ఇంటికొస్తుంది, ఒక్కనాడు గొంతు పెంచిన మనిషి కాదు. నా పేచీ ఆయన తాగే ఆ రెండు గ్లాసులతో కాదు, దాచిపెట్టడాన్ని గౌరవం అనడంతో. భార్యాపిల్లల కంటపడకుండా చేస్తే గౌరవం, కంటపడితే సిగ్గు. అంటే తప్పు తాగడంలో లేదు, మేం చూడడంలో ఉందన్నమాట! మేడమీది గదిలో ఎన్ని పోసుకున్నారో, ఏం పోసుకున్నారో, ఆ తరవాత స్కూటరు ఎలా నడిపారో ఎవరికి తెలుసు? అదే నాలుగు కుర్చీల బల్ల దగ్గర, వెలుతురులో, ప్లేట్ల మధ్య, నా ఎదురుగా జరిగితే లెక్క నాకూ తెలుస్తుంది. ఎదురుగా ఉన్న మనిషికి "ఇక చాలు" అనే హక్కు ఉంటుంది. సోంపు వాసనతో వాదించలేం.

బి.ఏ.లో కన్యాశుల్కం చదువుకున్నాను. అందులో సారాదుకాణం రంగం ఒకటుంది. బైరాగి ఉంటాడు, హెడ్డు కనిస్టీబు ఉంటాడు, వేదాంతం దొర్లుతుంటుంది. సంసారం చేసుకునే ఇల్లాలు మాత్రం అక్కడ కనబడదు. క్లాసులో అందరం నవ్వుకున్నాం. వాళ్ళు ఇంటికెళ్ళాక తలుపు తీసే మనిషి ఏమనుకుంటుందో అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ దుకాణం నుంచి నేటి వైన్‌షాపు పక్కన ఉండే పర్మిట్ రూము దాకా మారనిది అదొక్కటే. అక్కడ ఇంటి ఆడవాళ్ళుండరు. ఆడవాళ్ళు రాగలిగిన చోటుకీ, రాలేని చోటుకీ తేడా ఉంటుందని నా నమ్మకం. మన వీధి పర్మిట్ రూము ముందునుంచి సాయంత్రం ఏడు తరవాత నడిచి వెళ్ళి చూడండి, మీకే తెలుస్తుంది.

అయినా ఈ సిగ్గు అందరిదీ కాదు. తెలంగాణ పల్లెల్లో కల్లు దగ్గర ఆడవాళ్ళూ కూర్చుంటారు, పండక్కి అత్తా కోడలూ కలిసే పుచ్చుకుంటారు. ఒడిశా గిరిజన ప్రాంతాల్లో బియ్యంతో చేసే హండియా ఆడవాళ్ళ చేతి సరుకే, సంతలో అమ్మేదీ వాళ్ళే. తాగడం, తాగకపోవడం కన్నా "ఆడవాళ్ళ ముందు కాదు" అన్న నియమం మన మధ్యతరగతి కోస్తా ఇళ్ళల్లో ఎక్కువ.

ఇంతవరకూ చదివి నన్ను మందు ప్రచారకురాలని అనుకోవద్దు. మాది నెల్లూరు జిల్లా. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం రాజుకున్న దూబగుంట మా జిల్లాలోదే. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, సారా దుకాణం మూయించిన ఆడవాళ్ళ కథ తమ వాచకంలో చదివారు. మనమూ చేద్దామని లేచారు. రోశమ్మగారి పేరు అప్పుడు పేపర్లన్నిటా వచ్చింది. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు, అన్నీ మా కళ్ళముందు జరిగినవే. ఆ రోజుల్లో నేను హైస్కూలు పిల్లని. మా ఊళ్ళో సారా ప్యాకెట్ల బండి ఆపడానికి వెళ్ళిన గుంపులో మా అమ్మ ఉంది. చీపురుకట్ట పట్టుకుని వెళ్ళింది. సాయంత్రం అదే చీపురుతో వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టింది.

కాబట్టి ఈ విషయం అమ్మకి చెప్పకుండా బెంగుళూరు రైలెక్కడం నావల్ల కాదు. మొన్న ఆదివారం ఫోను చేశాను.

"అమ్మా, నీ మనవరాలు మమ్మల్ని బీరు తయారుచేసే హోటలుకి రమ్మంటోంది."

"ఏందీ, సారా కొట్టుకా?"

"సారా కాదమ్మా, బీరు. అక్కడే భోజనం కూడా. ఆడవాళ్ళు, కుటుంబాలు అందరూ వస్తారంట."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తిడుతుందనుకున్నాను. "దుడ్లెవురు కడతారు?" అనడిగింది.

"మనవరాలే."

"ఆ పిల్ల జీతం ఆ పిల్లది. సరే. మీ ఆయన తాగి ఇంటికి ఎట్టా వస్తాడు?"

చూశారా. నైతికం, సంప్రదాయం, లోకం ఏమనుకుంటుంది, ఇవేవీ అడగలేదు. డబ్బు ఎవరిది, మనిషి ఇంటికెలా చేరతాడు అనే రెండే ప్రశ్నలు. సారా ప్యాకెట్ల కాలంలో ఆ రెండే కొంపలు ముంచినవి. కూలి డబ్బులు దారిలోనే పోయేవి, మనిషి దారిలోనే పడిపోయేవాడు. నేను పుస్తకాలు చదివి ఎంతో ఆలోచించాననుకున్నాను. అమ్మ అడిగిన రెండిటికీ జవాబు రాసుకునేసరికి నా ప్రయాణం ప్లాను సగం తయారైంది.

ఇక్కడే ఒకమాట గట్టిగా చెప్పాలి. నేను చెప్పేదంతా మా ఇల్లు లాంటి ఇళ్ళకే. తాగితే చెయ్యెత్తే మొగుడున్న ఇంట్లో, జీతం ఇంటికి రాని ఇంట్లో, మానాలనుకుని మానలేక అవస్థపడుతున్న మనిషి ఉన్న ఇంట్లో ఈ కబుర్లు పనికిరావు. "ఎదురుగా కూర్చుని తాగితే అదుపులో ఉంటాడు" అని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. ఒక్క గ్లాసుతో ఆగలేని మనిషిని పది రకాల బీరున్న చోటికి తీసుకెళ్ళడం అంటే నూతి గట్టున పసిపిల్లని కూర్చోబెట్టడమే. అక్కడ కావలసింది డాక్టరు. అక్కాచెల్లెళ్ళ అండ కావాలి, అవసరమైతే పోలీసు కూడా.

మాలాంటివాళ్ళం వెళ్ళాలంటే ఏం తెలుసుకుని వెళ్ళాలన్నది ఇక మిగిలింది. నాకు తెలియని వంటింట్లోకి తెలియకుండా అడుగుపెట్టడం ఇష్టం ఉండదు. అమ్మాయిని అడిగి, అక్కడా ఇక్కడా చదివి బీరు ఎలా చేస్తారో తెలుసుకున్నాను. తీరా చూస్తే సగం మనకు తెలిసిన పనే. రాగిమాల్ట్ ఎలా చేస్తాం? రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఆరబెట్టి, దోరగా వేయించి మర పట్టిస్తాం. బార్లీతో అదే చేస్తే బీరుకి మాల్ట్. దాన్ని సుమారు 65 నుంచి 68 డిగ్రీల వేడినీళ్ళలో గంటసేపు ఉంచితే గింజలోని పిండి తీపిగా మారుతుంది. మొలకెత్తిన గింజ తియ్యగా ఎందుకుంటుందో మనకు తెలుసు గదా, అదే కారణం. ఆ తియ్యటి నీళ్ళు వడకట్టి, హాప్స్ అనే పువ్వులు వేసి ఇంకో గంట మరిగిస్తారు. హాప్స్ ఒక తీగకి కాసే చేదు పువ్వు. కాకరకాయ చేదు కూరకి ఎలాగో దీనికి అది అలాగ, తీపిని సరిచేస్తుంది, నిలవ కూడా ఉంచుతుంది. (ఆ తీగ గంజాయి మొక్కకి చుట్టమట. హాప్స్‌లో గంజాయి మత్తేమీ ఉండదులెండి. మా అమ్మకి మాత్రం ఈ చుట్టరికం చెప్పలేదు.)

ఆ తరవాత చల్లార్చి ఈస్ట్ కలుపుతారు. పాలు కాగుతుండగా తోడు వేస్తే విరిగినట్టు, వేడిమీద ఈస్ట్ వేస్తే చచ్చిపోతుంది. చల్లారాక వేస్తే ఆ తీపిని తిని మత్తునీ, బుడగల్నీ తయారుచేస్తుంది. ఎండాకాలం ఇడ్లీపిండి గిన్నె దాటి పొంగడం చూసినవాళ్ళకి ఇదేం వింత కాదు. వారం రోజులు పులిశాక ఇంకొన్నాళ్ళు కుదురుకోనిస్తారు. అంతా కలిపి రెండు నుంచి నాలుగు వారాల పని.

రకాల మాటకొస్తే నాకు భలే సరదా వేసింది. బెల్జియం వాళ్ళ గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారట. మన రసంలో పడే ధనియాలే! జర్మనీ గోధుమ బీరు అరటిపండు, లవంగం వాసన వస్తుందట, కానీ అందులో అరటిపండూ వెయ్యరు, లవంగమూ వెయ్యరు. అది ఈస్ట్ చేసే మాయ. బాగా మాడ్చి వేయించిన బార్లీతో చేసే నల్లటి దాన్ని స్టౌట్ అంటారు, కాఫీ డికాషన్ వాసన. ఐపీఏ అన్నదాంట్లో హాప్స్ ఎక్కువ, చేదూ ఎక్కువ, మామూలుగా మత్తు కూడా కాస్త ఎక్కువే. తెలియకపోతే అన్నీ ఒకటే బీరు అనుకుని చేతికందింది తాగేస్తారు. అందుకే చిన్న చిన్న గ్లాసుల్లో తలా కాస్త రుచి చూపించే పద్ధతి ఇలాంటి చోట్ల ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి అదే మేలని అమ్మాయి అంది. నాకూ నచ్చింది.

ఇంకో సంగతి తెలిసి ఆగిపోయాను. ఈ పని మొదట ఆడవాళ్ళదే. నాలుగు వేల ఏళ్ళనాటి సుమేరియన్లకి బీరు దేవత నిన్‌కాసి. ఇంగ్లండులో ఒకప్పుడు ఇంటింటా ఆడవాళ్ళే కాచి వాకిట్లో అమ్మేవారు. హాప్స్ వేస్తే పాడవకుండా నిలుస్తుందని 12వ శతాబ్దంలో రాసిపెట్టింది హిల్డెగార్డ్ అనే జర్మనీ సన్యాసిని. పెద్ద పెట్టుబడులు, సంఘాలు వచ్చాక పని మగవాళ్ళ చేతికి పోయింది. వంటింట్లో వండినంతకాలం మనది, డబ్బు రావడం మొదలెట్టాక వాళ్ళది. ఎన్ని వంటల చరిత్ర ఇదే కాదు చెప్పండి.

ఈ ముచ్చటంతా చెప్తుంటే మా వారు మెత్తబడ్డారు. "ఇంట్లో చేసినట్టే గదా, కెమికల్స్ ఉండవు, ఒంటికి మంచిదే అయ్యుంటుంది" అన్నారు. అక్కడ పట్టుకున్నాను. క్రాఫ్ట్ అన్నమాట మందుని మందు కాకుండా చెయ్యదు. నెయ్యి ఇంట్లో కాచినా నెయ్యే, కొలెస్ట్రాల్ కొలెస్ట్రాలే. కాగితం తీసి లెక్క వేసి చూపించాను. 5 శాతం మత్తున్న బీరు అరలీటరు గ్లాసు తాగితే అందులో స్వచ్ఛమైన ఆల్కహాలు 25 మిల్లీలీటర్లు. సుమారు 43 శాతం ఉండే విస్కీ 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో ఉన్నదీ అంతే. "బీరే గదా" అనేవాళ్ళకి ఈ లెక్క చూపించండి. ఒంట్లోంచి అది పోవడానికి రెండు మూడు గంటలు పడుతుంది, కాఫీ తాగినా, చన్నీళ్ళు పోసుకున్నా త్వరగా పోదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ఆల్కహాలుకి ఫలానా మోతాదు దాకా ప్రమాదం లేదు అని చెప్పడానికి వీల్లేదంది. కేన్సరు కారకాల మొదటి జాబితాలో అది 1988 నుంచీ ఉంది, ఆడవాళ్ళ రొమ్ము కేన్సరుకీ అది కారణమేనని ఆ తరవాత తేల్చారు. పైగా మన ఒంట్లో నీటి పాలు మగవాళ్ళకన్నా తక్కువ కనక, అదే గ్లాసు మనకు ఎక్కువ ఎక్కుతుంది. సమానత్వం పేరుతో గ్లాసుకి గ్లాసు పోటీపడే అమ్మాయిలకి ఇది ఎవరైనా చెప్పాలి. మా అమ్మాయికి నేనే చెప్పాను. "తెలుసమ్మా, నేను ఒకటితో ఆపుతాను" అంది. ఒకటి తాగుతుందన్న సంగతి ఆ విధంగా తెలిసింది నాకు. గుండె కాస్త కలుక్కుమంది, అబద్ధమెందుకు. కానీ పాతికేళ్ళు సోంపు వాసనతో బతికాక, ఆ మాట నా మొహంమీద చెప్పగల కూతురు ఉండడం నాకు మేలుగానే తోచింది.

ఇక మా ప్లాను. శని, ఆదివారాలు వద్దన్నాను. సాయంత్రాలు అక్కడ జనం విరగబడతారట, కుర్చీకోసం బయట నిలబడాలి, లోపల పాటల హోరు. పెళ్ళిరోజు బుధవారం పడింది, మధ్యాహ్నం భోజనం వేళకి వెళ్తాం. వెలుతురుంటుంది, మాట వినబడుతుంది. అమ్మాయి సెలవు పెడుతుంది. ఆ రోజు డ్రై డే కాదని కూడా చూసుకున్నాం. గాంధీ జయంతి, ఎన్నికల రోజుల్లో వెళ్ళి ఊరికే తిరిగొచ్చినవాళ్ళున్నారట.

బండి ముట్టేది లేదు. ఇందిరానగర్‌కి మెట్రో ఉంది, పర్పుల్ లైను. స్టేషన్ నుంచి ఆటో. తిరుగు ప్రయాణం కూడా అంతే. రక్తం 100 మిల్లీలీటర్లలో 30 మిల్లీగ్రాములు దాటితే చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మా అమ్మ రెండో ప్రశ్నకి జవాబు ఇది. మేడమీది గది నుంచి స్కూటరు మీద వచ్చే రాత్రులకి కూడా ఇదే జవాబని మా వారికి చెప్పాను. "ఇప్పుడది ఎందుకు?" అన్నారు. ఇప్పుడే ఎందుకంటే ఇన్నాళ్ళూ ఆ మాట ఎత్తడానికి మా ఇంట్లో సందర్భమే లేదు. లేని విషయాన్ని ఎలా మాట్లాడతాం? కూతురి పిలుపుతో నాకు దొరికింది ఆ సందర్భం. నాకు అక్కడి బీరు కన్నా ఇదే ముఖ్యం. వచ్చే నెల నుంచి ఆ గదికి వెళ్ళిన రోజు ఆటోలో వస్తానని ఒప్పుకున్నారు, సోంపు లేకుండా.

ఆయనకి షుగరు ఉంది, మాత్రలు వేసుకుంటారు. ఖాళీ కడుపుతో తాగితే లివరు ఆల్కహాలు పని చూసుకుంటూ రక్తంలోకి చక్కెర వదలడం తగ్గిస్తుంది. మాత్రల ప్రభావంతో కలిస్తే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. చెమటలు, తూలడం, మాట తడబడడం వస్తే పక్కవాళ్ళు తాగి తూలుతున్నాడనుకుంటారు. డాక్టరుని అడుగుదామన్నాను. "మందు గురించి డాక్టరుని ఏమని అడుగుతాను" అని నసిగారు. నేనే అడిగాను. ఆయన రిపోర్టులు చూసి, తినకుండా ముట్టొద్దనీ, చిన్న గ్లాసు ఒకటి దాటొద్దనీ, అలవాటుగా చేసుకోవద్దనీ చెప్పారు. మా వారికి వర్తించిన మాట మీవారికి వర్తించకపోవచ్చు, మీ డాక్టరుని మీరే అడగండి. కనక ముందు తిండి, తరవాతే గ్లాసు. మధ్యలో మంచినీళ్ళు. నా హ్యాండ్‌బ్యాగులో నాలుగు గ్లూకోజ్ బిళ్ళలు.

అబ్బాయి సంగతి ఇంకోటి. వాడికి పదిహేడు, ఇంటర్ రెండో ఏడు. అక్కడ 21 నిండనివాళ్ళకి పొయ్యరు. వాడిని మా అత్తయ్య దగ్గర వదిలి వెళ్తున్నాం, పరీక్షలున్నాయి. "హోటలుకి వెళ్తున్నామని చెప్పు చాలు" అన్నారు మా వారు. నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను. ఎక్కడికి వెళ్తున్నామో, నాన్న ఎంత పుచ్చుకోవచ్చో, ఎందుకు అంతకన్నా పుచ్చుకోకూడదో. వాడు విని "నాన్నకి తలనొప్పి రాదుగా?" అన్నాడు. వాడికీ తెలుసన్నమాట. మా వారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. అత్తయ్యకి మాత్రం కొడుకే చెప్పుకోవాలి, అది నా పని కాదని తేల్చేశాను. ఇంకా చెప్పలేదు.

నువ్వు తాగుతావా అని అడిగేవాళ్ళకి: ఆ ధనియాల బీరు దొరికితే ఒక గుక్క రుచి చూస్తానేమో, చూడకపోవచ్చు కూడా. తాగనివాళ్ళకి నిమ్మరసం సోడాలు ఉంటాయి. "అక్కడిదాకా వచ్చి తాగకపోతే ఎలా" అని ఎవరూ బలవంతపెట్టకూడదని అమ్మాయికి ముందే షరతు పెట్టాను. తాగడం గొప్పా కాదు, తాగకపోవడం చిన్నతనమూ కాదు. పెళ్ళిళ్ళలో బంతి మీద "ఇంకొక్క పూర్ణం" అని ఆకులో పడేసినట్టు ఇక్కడ కుదరదు. నన్ను అన్నిటికన్నా లాగుతున్నవి ఆ పాత్రలు. లోపల కూర్చుంటే కనబడతాయంది అమ్మాయి. వేలమందికి పిండి పులియబెట్టే గంగాళం ఎలా ఉంటుందో చూడాలని ఉంది. అక్కడ పనిచేసే వాళ్ళని అడిగితే ఏ బీరులో ఏం వేశారో చెప్తారట. రాసుకుందామని చిన్న పుస్తకం పెట్టుకుంటున్నాను.

బిల్లు అమ్మాయే కడుతుంది. దానిమీద మా వారికి ఇంకా మింగుడు పడలేదు, కూతురి డబ్బుతో తాగడమేమిటని. తిండి ఖర్చు కూతురిది, ఆయన గ్లాసు ఖర్చు ఆయనది అని చీటీలు విడగొట్టించమన్నాను. దానికి ఒప్పుకున్నారు. శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో టిక్కెట్లు తీశాం. అమ్మాయి జీన్స్ వేసుకోమంటోంది, నేను వెంకటగిరి చీరే కట్టుకుంటాను.